చాప మీంచి లేవనివాడు

నవంబర్ 4, సోమవారం

ఈ రోజు మధ్యాహ్నం పిలుపును ఎవరో చంపారు.

చచ్చిపోయింది అని రాయబోయి కొట్టేశాను. నేను రాసిన ప్రోగ్రాం దానంతటది చావదు.

వాన దంచికొడుతోంది. ఊరంతా బండి కోసం మావైపు చూసే వేళ అదే. స్టేషన్ ముందు మా బండి నడిపే పంజి ప్లాస్టిక్ కోటు వేసుకుని, ఫోను గుండెకు హత్తుకుని నిలబడ్డాడట. ఒక్క ఆర్డరూ రాలేదు. పక్కనే పెద్ద కంపెనీ బళ్లు ఒకదాని వెనక ఒకటి మనుషుల్ని ఎక్కించుకుని వెళ్లిపోయాయట. వాడు తడిసి ముద్దయి వచ్చి తల తుడుచుకుంటూ, "బాంగ్, మన విప్లవానికి జలుబు చేసింది" అన్నాడు. నా సొంతూరు కాని ఈ జోగ్జాలో నన్ను అన్నా అని మా బతాక్ జాతి మాటతో పిలిచేది వాడొక్కడే. అయినా నేను నవ్వలేదు.

బూ ముర్తినా భోజనాల కొట్టు వెనక గదిలోకి పరిగెత్తాను. బూ అంటే ఇక్కడ అమ్మ అని, పెద్దామెని అలా పిలుస్తారు. బియ్యం డబ్బా మీద మా సర్వర్ ఎప్పటిలాగే గురగురలాడుతోంది. తెరమీద పిలుపు పేరు, పక్కన ఒకే మాట: చంపబడింది. ఎవరు చంపారో లేదు. స్టేషన్ మెట్ల కింద కొన్న కరపత్రంలో చదివాను. చంపినవాడి పేరు రాయని చోట అధికారం కూర్చుని ఉంటుందని.

ఇకనుంచి అన్నీ ఇందులో రాస్తాను. రేపు సంఘం అడిగితే తడుముకోకూడదు. కాబట్టి మొదటినుంచి: పెద్ద కంపెనీ కమీషన్ కోతలు భరించలేక బయటికొచ్చిన బండివాళ్ల సహకార సంఘం మాది. పేరు రొడా మందిరి, అంటే సొంత చక్రం. ఎవరికైనా బండి కావాలంటే పిలుపు ఆ కబురు అందుకుని దగ్గర్లో ఉన్న మావాడికి చేరవేస్తుంది. పిలుపును రాసింది నేను. యంత్రాన్ని చూసుకునేది బూ ముర్తినా. కాలేజీ కంప్యూటర్ గదిలో చాలా ఏళ్లు పనిచేసి, వాళ్లు పంపేస్తే కొట్టు పెట్టుకుంది. సర్వర్ గదికి తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర ఉంది. రెండోది బూ దగ్గర.

బూ గ్లాసులు కడుగుతూ అంది: "వాన కదా నాన్నా. తినేవాళ్లు ఎక్కువయ్యారు, కుండ చిన్నది. పాపం కెర్నల్ మాత్రం ఏం చేస్తుంది? ఎక్కువ తింటున్నవాణ్ణి ఒకణ్ణి లేపి బయటికి పంపింది."

"పిలుపే దొరికిందా?"

"మరి అదే కదా ఎక్కువ తింటున్నది."

కెర్నల్ అట. మెమరీ అనే కుండని అందరికీ పంచే, యంత్రం లోపలి కాపలావాడు. ఎక్కడైనా సరే, తప్పు కాపలావాడి మీదికే తోస్తారు. నేనూ నాలుగు కరపత్రాలు చదివినవాణ్ణే.

నవంబర్ 6, బుధవారం

బూ కొట్టులో పెద్ద కంపెనీ కోటు చూశాను.

కోటు అంటే కోటు ఒక్కటే కాదు, లోపల మనిషి కూడా. ముప్పై ఏళ్లుంటాయి, కళ్లద్దాలు, మెడలో కంపెనీ బిళ్ల. బండి నడిపేవాడు కాడు, ఆఫీసు మనిషి. బూ ఎదురుగా బల్లమీద కూర్చుని అల్లం టీ తాగుతున్నాడు. నేను గుమ్మంలోకి రాగానే మాటలు ఆగిపోయాయి. ఇద్దరూ నావైపు చూసి చిరునవ్వు నవ్వారు. ఈ ఊరివాళ్ల చిరునవ్వు ఉందే, దాని వెనక ఏముందో కనుక్కోవడానికి నాలుగేళ్లుగా ప్రయత్నిస్తున్నాను.

"రా నాన్నా, తిన్నావా?" అంది బూ.

"ఆయనెవరు?"

"నా దగ్గర చదువుకున్న కుర్రాడు."

అంతే. ఇంకో మాట లేదు. సముద్రం అవతల మా తోబా సరస్సు వైపు ఇలా ఉండదు. మా అమ్మకి కోపం వస్తే వీధి చివరి కుక్కకి కూడా తెలుస్తుంది. ఇక్కడివాళ్లు కోపాన్ని అరటాకులో చుట్టి, పుల్ల గుచ్చి, ఆవిరిమీద ఉడికించి పెడతారు. తిన్న మర్నాడు గాని తెలియదు అది కోపమని.

నవంబర్ 9, శనివారం

వాన లేదు. ఏదీ చావలేదు. అంటే వాన కోసం కాచుకుని ఉన్నారన్నమాట.

నవంబర్ 11, సోమవారం

కన్ను తయారైంది.

రెండు రోజులు నిద్ర సరిగా లేదు, అయినా ఒళ్లంతా తేలిగ్గా ఉంది. సర్వర్‌లో ఏ ప్రోగ్రాం ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడుకుంది, ఎవరు లోపలికొచ్చారు, ఏ మాట కొట్టారు, ప్రతిదీ కన్ను చూస్తుంది. చూసినది మరిచిపోదు. పిలుపులో వచ్చే ఆర్డర్లు కూడా ఒక కాపీ దాచుకుంటుంది, దొంగ వాటిలోంచి రావచ్చు కదా. డిస్కు మీద రాయించలేదు. డిస్కు మీద రాసింది బూ తుడిచేయగలదు. అంతా దాని సొంత మెమరీలోనే ఉంటుంది, నా తలలో ఉన్నట్టు.

ఇంకొక్క పని చేశాను. కాపలావాడు ఎవరిని లేపి బయటికి పంపినా దీని జోలికి మాత్రం రాకూడదని రాసిపెట్టాను. అలా రాయవచ్చని చాలామందికి తెలియదు. సాక్షిని చంపేస్తే ఇక కేసేముంటుంది?

నవంబర్ 12, మంగళవారం

చిన్న వానే. పిలుపు చచ్చింది. దానితో పాటు దారులు చూపే మ్యాపు ప్రోగ్రాం కూడా.

ఇదివరకు పెద్ద వానకి ఒకటి చచ్చేది. ఇప్పుడు చినుకులకే రెండు. కన్ను పెట్టానని వాళ్లకి తెలిసిపోయింది, భయపడ్డారు. భయపడినవాడు తప్పులు చేస్తాడు. మంచిది.

కన్ను ఏం చూసిందని అడిగాను. చంపింది కెర్నల్ అని చెప్పింది. దీన్ని కూడా మోసం చేశారు. ఇంకా దగ్గరగా చూసేలా మార్చాను.

నవంబర్ 15, శుక్రవారం

ఇవాళ నాకు బెదిరింపు వచ్చింది. ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

మధ్యాహ్నం భోజనానికి బూ కొట్టుకే వెళ్లాను. శత్రువు కళ్లముందే ఉండాలి. పైగా టెంపే వేపుడు, అదే పులియబెట్టిన సోయా ముక్కలు, ఆమెలా ఎవరూ చేయరు. ఇది ఆధారం కాదు, ఊరికే రాశాను. పాక్ తుకిరన్ కూడా ఉన్నాడు. సంఘం పెద్ద, పెద్దాయన కాబట్టి అందరూ పాక్ అంటారు. బండి నడిపి నడిపి నడుము వంగినా మాట వంగని మనిషి అనుకునేవాణ్ణి.

బూ నా ముందు పళ్లెం పెట్టింది. గుట్టలా అన్నం. అంత తినలేనన్నాను.

"తిను నాన్నా, నీకు ఆకలెక్కువ" అని, పాక్ తుకిరన్ వైపు తిరిగి మొదలుపెట్టింది. "మా చెల్లెలి కూతురి పెళ్లి గుర్తుందా పాక్? రెండువందల మందిని పిలిచాం. నూట యాభై మందికే వండాం."

"అంతే కదా మరి, అందరూ ఒకేసారి వస్తారా ఎక్కడైనా" అన్నాడాయన.

"రారు. ఎవరడిగినా 'అయ్యో, రండి రండి' అంటాం. లేదని మన నోట ఎలా వస్తుంది? అదృష్టం బాగుంటే సరిపోతుంది. ఆ రోజు వానొచ్చింది. పొలాలకి పోవాల్సినవాళ్లు కూడా పందిట్లోకే వచ్చేశారు. లోపల చోటు చాలక కొందరిని వరండాలో చాపలమీద కూర్చోబెట్టాం. ఒకణ్ణి లోపలికి తేవాలంటే ఇంకొకణ్ణి బయటికి పంపాలి. ఇక చూడు, లోపలికి బయటికి, బయటికి లోపలికి. పళ్లేలు మోసేవాళ్లకి నడకే సరిపోయింది, ఒక్కడికీ వడ్డన జరగలేదు."

"నిజమే, నాకు టీ కూడా అందలేదు" అన్నాడు పాక్ తుకిరన్.

"అంత గందరగోళంలో ఒకాయన మాత్రం చాపమీంచి లేవలేదు పాక్. తిని లేచిపోతే ఇంకొకరు కూర్చుంటారు కదా! ఉహూఁ. వచ్చేవాళ్లని, పోయేవాళ్లని చూస్తూ కూర్చున్నాడు. ఎవరేం తిన్నారో చూస్తూ తనూ తింటూ. పెళ్లికొడుకు తరఫు మనిషి, లేవమని ఎవరనగలరు?"

"ఏమయింది చివరికి?"

"ఏముంది, పెళ్లికూతురి మేనమామే ఆకలితో లేచిపోయాడు."

ఇద్దరూ నావైపు చూడకుండా నవ్వారు. నావైపు చూడకుండా అన్నదే ముఖ్యం. నేను ఈ ఊరివాణ్ణి కాను, ఇక్కడ కూర్చుని వీళ్లని గమనిస్తున్నాను, అది వీళ్లకి కంటగింపుగా ఉంది. లేచిపొమ్మంటున్నారు. పాక్ తుకిరన్ కూడా వాళ్ల మనిషే!

అన్నం మొత్తం తిన్నాను. భయపడలేదని తెలియాలిగా.

నవంబర్ 18, సోమవారం

ఎండ కాస్తున్నా చచ్చింది. రెండుసార్లు. ఇక వాన సాకు కూడా లేదు వాళ్లకి.

పంజి వచ్చి, "బాంగ్, నేను పిలుపుని నమ్ముకోవడం మానేసి చేత్తోనే చప్పట్లు కొట్టి పిలుస్తున్నాను జనాన్ని. నీ కన్నుకి చెప్పు, ఒకసారి నా జేబు కూడా చూసి పెట్టమని" అన్నాడు. తరవాత తలగోక్కుంటూ, "అది ఏమాత్రం తింటుందేంటి, ఆ కన్ను?" అని అడిగాడు.

వాడెందుకు అడిగాడు? పంజి యంత్రాల సంగతి ఎప్పుడూ అడగలేదు. వాడికి ఎవరు నేర్పించారు ఈ ప్రశ్న?

పంజి పేరు కూడా రాసుకున్నాను. రాస్తుంటే బాధేసింది. కరపత్రం ఏమంటుందంటే, బాధపడేవాడు సగం లొంగిపోయినట్టేనట.

నవంబర్ 19, మంగళవారం

దొరికింది!

బూ నోటితోనే. పొద్దున్నే తాళం తీస్తుంటే వెనకనుంచి వచ్చి, తలుపు చట్రం తుడుస్తున్నట్టు తుడుస్తూ అంది: "నాన్నా, మీ కన్ను కూడా కాస్త నిద్రపోతే బాగుంటుందేమో. పాపం పగలూ రాత్రీ మేలుకునే ఉంటోంది."

కన్ను సంగతి నేను ఆమెకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు, పంజికి తప్ప. సాక్షిని నిద్రపుచ్చమని అడిగేది ఎవరు? చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు.

"ఎందుకు బూ? దానికి ఏం కనబడుతుందని మీ భయం?" అన్నాను. గొంతు లేచింది. కొట్టులో టీ తాగుతున్నవాళ్లు గ్లాసుల్లోకి చూసుకున్నారు.

ఆమె ముఖం ఎర్రబడింది. "ఏం లేదు నాన్నా, ఏం లేదు. ఊరికే అన్నాను. తిన్నావా?"

సాయంత్రం కళ్లద్దాలవాడు మళ్లీ వచ్చాడు. న్యూస్‌పేపర్‌లో చుట్టిన చిన్న పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. అరచేతిలో ఇమిడేంత. ఆమె రెండు చేతులా పట్టుకుని నుదుటికి ఆనించుకున్నంత పని చేసింది. నేను రోడ్డు అవతల నిలబడి చూస్తున్నాను. పక్కనే ఉన్న పంజిని మోచేత్తో పొడిచాను.

"చూశావా?"

"చూశాను. టెంపే వేపుడై ఉంటుంది."

"టెంపే కొట్టుకి ఎవడైనా టెంపే తెస్తాడా?"

"అది కూడా నిజమే" అని వాడు ఆకాశంకేసి చూశాడు. ఈ ఊళ్లో ఇబ్బంది వస్తే అందరూ ఆకాశంకేసే చూస్తారు.

నవంబర్ 22, శుక్రవారం

సమావేశం కావాలని పాక్ తుకిరన్‌ని అడిగాను. ఆధారాలన్నీ గోడమీద చూపిస్తానన్నాను. బూ నుంచి తాళంచెవి తీసుకోవాలి, లేదా నేను వెళ్లిపోతాను, రెండిట్లో ఒకటి.

"కోపం కాస్త చల్లారాక మాట్లాడుకుందాం బొనార్."

"ఈలోపు సంఘమే చల్లారిపోతుంది పాక్. పిలుపు ఇలా చస్తూంటే మనవాళ్లు మళ్లీ ఆ కంపెనీ గుమ్మం ముందు నిలబడాల్సిందే. అదేనా మీరు కోరేది?"

ఆయన ఏదో చెప్పబోయి మింగాడు. చివరికి "అలాగే, అలాగే. ఆదివారం పెట్టుకుందాం" అన్నాడు. అలాగే అంటే ఇక్కడ అవును అని కాదు, కాదు అని కూడా కాదు. కానీ నేను అవును అనే తీసుకున్నాను.

నవంబర్ 24, ఆదివారం

పేట సమావేశ మందిరంలో చాపలు పరిచారు. ఉడికించిన వేరుశనక్కాయలు, తియ్యటి టీ. మా సంఘంలో చేతులెత్తి ఓటు వేయరు. అందరూ తలూపేదాకా కూర్చుంటారు. బూ ఆడవాళ్ల వైపు చివర, గ్లాసుల పళ్లెం పక్కన కూర్చుంది. పంజి ప్రొజెక్టర్ మోసుకొచ్చి సర్వర్ తెర గోడమీద పడేలా పెట్టాడు.

నేను లేచి మాట్లాడాను. బాగానే మాట్లాడాను. పెద్ద కంపెనీ మనల్ని బయటినుంచి ఓడించలేక లోపలినుంచి కొడుతోందన్నాను. ఈ గదిలోనే ఒకరు వాళ్ల మనిషితో కూర్చుని టీ తాగుతున్నారని, వాళ్ల చేతినుంచి పొట్లం అందుకున్నారని, సాక్షిని నిద్రపుచ్చమని అడిగారని చెప్పాను. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. అందరూ వేరుశనక్కాయల్లోకి చూశారు. ఒక్కరు కూడా బూ వైపు చూడలేదు. ఒక్కరు కూడా నావైపు చూడలేదు.

"కన్ను చూసిందంతా ఇప్పుడు మీరే చూడండి. మొదటిరోజునుంచి, ఏదీ దాచకుండా" అని, అంతా ఒకేసారి చూపమని అడిగాను.

తెర ఆగింది. పేటకి అవతల ఉన్నా బియ్యం డబ్బామీది ఫ్యాను గురక నాకు వినిపించినట్టే అనిపించింది. తరవాత గోడమీద అక్షరాలు పడటం మొదలైంది. ముందు ఒక పట్టీ వచ్చింది. నడుస్తున్న ప్రతి ప్రోగ్రాం పేరు, దాని ఎదురుగా అది ఎంత మెమరీ తింటున్నదీ. కాపలావాడు ఎవరిని లేపాలో తేల్చుకునే ముందు ఒకసారి అందరి పళ్లేల్లోకి చూసుకుంటాడు, ఆ పట్టీ అది. పిలుపు ఎదురుగా చిన్న అంకె. మ్యాపు ఎదురుగా ఇంకాస్త పెద్దది. అన్నిటి కింద ఒక పేరు. మిగతావన్నీ కలిపినా దాని ఎదుటి అంకె నడుముదాకా కూడా రావు. దాని పక్కనే గుర్తు: దీన్ని ముట్టుకోకూడదు.

ఆ గుర్తు నేను పెట్టిందే.

మ్యాపు చంపబడింది. కొత్త పట్టీ. రసీదుల ప్రోగ్రాం చంపబడింది. మళ్లీ పట్టీ. పిలుపు చంపబడింది. మందిరంలో అందరి ఫోన్లూ ఒక్కసారి టింగుమని, ఆర్డర్లు ఆగిపోయాయని చెప్పాయి. ఒక్కొక్కటే, ఒక్కొక్కటే. అన్నిటి తరవాతా కన్ను అలాగే ఉంది, ఇంకా తింటూ. ఆఖరి వరుస వచ్చింది. చంపడానికి ఇంకెవరూ లేరని. యంత్రం మొత్తం ఆగిపోయింది. గోడ తెల్లగా మిగిలింది.

నేను నిలబడే ఉన్నాను. నోరు తెరిచి ఉందని తరవాత తెలిసింది, ఎండిపోయాక.

బూ లేచింది. "కరెంటు" అంది. "ఈ పేటలో కరెంటు ఎప్పుడూ ఇంతే కదా. యంత్రం కూడా ముసలిదైంది, నాలాగే. చూసుకోవాల్సింది నేను, సరిగా చూసుకోలేకపోయాను. చదువుకున్న కుర్రాడు, బొనార్ చూసుకుంటాడు ఇకనుంచి." నడుముకున్న ముడి విప్పి తాళంచెవి తీసి గ్లాసుల పళ్లెంలో పెట్టింది. "ఎవరికైనా ఇంకాస్త టీ?"

పాక్ తుకిరన్ తలూపాడు. ఆయన తరవాత అందరూ తలూపారు. పంజి మాత్రం ప్రొజెక్టర్ తీగ చుడుతూ కూర్చున్నాడు, తల ఎత్తలేదు.

నేను ఏమీ అనలేదు.

నవంబర్ 25, సోమవారం

నిన్న గోడమీద ఎండ పడింది, అంకెలు సరిగా కనబడలేదు. కరెంటు అయినా అయి ఉండవచ్చు. ఆమె అనుభవమున్న మనిషి, కరెంటు అంటే కరెంటే. పెద్దవాళ్ల మాటకి ఎదురుచెప్పడం ఈ ఊరి పద్ధతి కాదు.

తప్పు లేనిదే తాళంచెవి ఎవరైనా ఇస్తారా?

పొట్లం సంగతి ఇంకా తేలలేదు.

నవంబర్ 26, మంగళవారం

బూ కొట్టు తెరవలేదు.

నవంబర్ 27, బుధవారం

యంత్రాన్ని మళ్లీ లేపాను. కన్నుని లేపలేదు. కొంచెం విశ్రాంతి ఇద్దామని, అంతే.

మధ్యాహ్నం ఆకాశం తెగిపడినట్టు వాన. ఎదుటి గోడ కనబడలేదు. పిలుపు కాస్త మూలిగింది, ఆర్డర్లు ఆలస్యంగా వెళ్లాయి. కానీ చావలేదు. వాన వెలిసేదాకా తెరముందు కూర్చునే ఉన్నాను. ఏ శత్రువూ రాలేదు.

వాన వెలిశాక కన్నుని లేపాను. అది పళ్లెం ముందు కూర్చుంది. చూస్తూనే ఉన్నాను. అంకె పెరిగింది, పెరిగింది. వరండాలోకి తోసిన జనంలా, మెమరీలో చోటు చాలనివి డిస్కు మీదికీ వెనక్కీ తిరిగాయి, డిస్కు దీపం ఆగకుండా వెలిగి ఆరింది, వెలిగి ఆరింది. చినుకు లేదు, ఆర్డర్లు కూడా పెద్దగా లేవు. పిలుపు చంపబడింది.

మళ్లీ ఆపాను. మళ్లీ లేపాను. మళ్లీ చంపబడింది.

లెక్క నాకు వచ్చు. కానీ ఇక్కడ రాయను.

నవంబర్ 28, గురువారం

కన్నుని చెరిపేశాను. పూర్తిగా.

గది ఊడుస్తుంటే బియ్యం డబ్బా వెనక న్యూస్‌పేపర్ పొట్లం కనబడింది. విప్పాను. మెమరీ చిప్పు. కొత్తది కాదు, ఎక్కడో పాత యంత్రంలోంచి ఊడదీసింది, అంచులు మాత్రం శుభ్రంగా తుడిచి ఉన్నాయి. మా యంత్రంలో ఖాళీగా ఉన్న గూట్లో పెట్టి నొక్కాను. టక్కున కూర్చుంది. దీన్ని పెట్టాలంటే యంత్రాన్ని ఆపాలి, ఆమె ఆపి ఉంటే నేను ఏమనేవాణ్ణో ఆమెకి తెలుసు.

అంటే బూ నాతో లేవమని అనలేక, కుండ పెద్దది చేద్దామని తిరిగింది. శత్రువు దగ్గరికి కూడా వెళ్లి అడిగింది. నాకోసం.

ఆ కరపత్రం మొత్తం మళ్లీ చదివాను. ఇలాంటి మనిషి గురించి అందులో ఒక్క ముక్క లేదు.

డిసెంబర్ 1, ఆదివారం

పొద్దున్నే బండ్ల స్టాండుకి వెళ్లాను. అందరూ ఉన్నారు. పాక్ తుకిరన్ సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు. కూర్చోలేదు నేను. కూర్చుంటే టీ ఇస్తారు, టీ తాగితే చెప్పలేను.

"పిలుపుని చంపింది నేనే. మొదటిరోజు వాన, ఆ తరవాతంతా నా కన్నే. కరెంటు కాదు. బూ తప్పేం లేదు. ఆ పొట్లంలో ఉన్నది మన యంత్రానికి తెచ్చిన మెమరీ. ఆమెని నేను దొంగ అన్నాను" అన్నాను. మా ఊరి గొంతుతో, వీధి చివరి కుక్కకి కూడా వినపడేలా.

పాక్ తుకిరన్ పొగ వదిలి, "అవును" అన్నాడు.

అవునా?

"మాకు తెలుసు బొనార్."

"ఎప్పట్నించి?"

అందరూ ఆకాశంకేసి చూశారు. పంజి పక్కకి వచ్చి భుజంమీద చెయ్యి వేశాడు. "నువ్వు పెట్టిన మర్నాటినుంచి, బాంగ్. బూ యంత్రంలో ఒక్క మాట కొట్టి చూసిందట, అందరి పళ్లేలూ కనబడ్డాయట. కుర్రాడు ఉడుకురక్తం, ఎవరూ మొహాన అనకండి, తనే తెలుసుకుంటాడు అని మా అందరిచేతా ఒట్టు వేయించుకుంది. నేను ఆపుకోలేక ఏమాత్రం తింటుందేంటి అని అడిగాను కూడా. నువ్వు నన్నే అదోలా చూశావు."

"చెప్పి ఉంటే పోయేది కదా! మందిరంలో, అంతమంది ముందు నేను ఆమెని..."

"చెప్పాం కదయ్యా" అన్నాడు పాక్ తుకిరన్, నిజంగా ఆశ్చర్యపోతూ. "పెళ్లి కథ చెప్పింది. అంతకంటే మొహంమీద ఎలా చెబుతారు?"

మొదట పంజి నవ్వాడు. తరవాత అందరూ. నాకు చెవులు కాలిపోయాయి. వాళ్లమీద అరవాలనిపించింది, అరిచాను కూడా, ఏమని అరిచానో గుర్తులేదు. వాళ్లు ఇంకా నవ్వారు. ఈ మూడు వారాలూ అందరూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారని రాసుకుంటూ వచ్చాను. అదొక్కటీ నిజమే!

తాళంచెవి తీసుకుని బూ ఇంటికి వెళ్లాను. ఆమె వంటింటి వాకిట్లో కూర్చుని అరటాకులు తుడుస్తోంది. పంజి ఫోన్ చేసి ముందే చెప్పేసి ఉంటాడు, నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. తాళంచెవి ఆమె ముందు పెట్టి, క్షమించమన్నాను. ఆ ఒక్క మాటే. ఇంకేం రాలేదు.

"తిన్నావా?" అంది.

"బూ, దయచేసి ఈసారి నేరుగా తిట్టండి. మా అమ్మ తిట్టినట్టు."

ఆమె ఆకులు తుడవడం ఆపింది. నావైపు నేరుగా చూసింది. నాలుగేళ్లలో మొదటిసారి చూశాను ఆ చూపు. "ఆ రోజు మందిరంలో, ఆ పళ్లెం పక్కన కూర్చున్నప్పుడు, భూమిలోకి వెళ్లిపోదామనిపించింది నాకు" అంది. అంతే. అరటాకులో చుట్టలేదు, పుల్ల గుచ్చలేదు. ఇదేనా నేను అడిగింది? తట్టుకోలేకపోయాను.

కాసేపటికి ఆమే తాళంచెవి తీసి నడుముకి ముడేసుకుంది. "చిప్పు పెట్టావా?"

"పెట్టాను."

"అయినా వానాకాలం ఇంకా ఉంది. కుండ ఎంత పెద్దదైనా ఒక రోజు నిండుతుంది. కెర్నల్ మనలాంటిదే నాన్నా, ఎవరొచ్చి అడిగినా రండి రండి అంటుంది, తరవాత చూసుకుందాం అనుకుంటుంది. నాకూ అదే అలవాటు. నువ్వు మొహంమీదే లేదు అనగలవు. పిలుపుకి అది నేర్పు. నిండిపోతే కొత్తవాళ్లని గుమ్మంలోనే ఆపి, కాసేపాగి రమ్మని చెప్పాలి. కూర్చోబెట్టి చంపడం కంటే అది మర్యాద."

"అది మర్యాదేనా?"

"నేర్చుకుంటున్నాను నేను కూడా."

రేపటినుంచి మొదలుపెడతాను. ఇద్దరం కలిసే.

లోపలినుంచి పళ్లెం తెచ్చింది. టెంపే వేపుడు, పచ్చిమిరప నూరుడు. అన్నం ఈసారి కాస్తే. వాకిట్లో ఇంకెవరో వచ్చినట్టున్నారు, పంజి గొంతు, పాక్ తుకిరన్ దగ్గు. చాప ఒక్కటే ఉంది, దానిమీద నేను.

ఆమె గోడకి చేరగిలబడి నవ్వింది.

గబగబా తిన్నాను. పళ్లెం తీసుకుని లేచాను.